ముప్పై ఒకటో నంబరు బిళ్ళ

సైకిల్ స్టాండు,
ఆసుపత్రి గేటు పక్క.
సోమవారం

చెల్లీ,

నీ పిల్లలు క్షేమం. నేనే ఇంకా తేరుకోలేదు.

నువ్వు బస్సెక్కి చెయ్యి ఊపిన అరగంటకే నీ కూతురు నా గదిని తనిఖీ చేసింది. బీరువా మీది దుమ్ములో వేలితో "శుభ్రము చేయవలెను" అని రాసి కింద సంతకం కూడా పెట్టింది. ఎనిమిదేళ్ళకే ఇలా తీర్పులిస్తోంది కాబట్టి దానికి జడ్జీ అని పేరు పెట్టేశాను. ఆ తీర్పులు నచ్చనప్పుడల్లా నీ ఐదేళ్ళ కొడుకు బుగ్గలు పూరించి మూతి బుంగలా పెడతాడు. వాడు బుంగ. ఇక్కడ ఇవే చెలామణి. నువ్వు పెట్టిన పేర్లు బడికి వెళ్ళేటప్పుడు వాడుకోమన్నాను.

నువ్వు పెట్టెలో సర్దిన మూడు డబ్బాలు కూడా బయటికి తీశాం. ఒకదాని మీద "దాచుకో", ఒకదాని మీద "ఖర్చుపెట్టు", ఒకదాని మీద "ఇతరులకు ఇవ్వు". వాటికి నాలుగు పేజీల నిబంధనలు! నేను చదివింది ఏడో తరగతి, అదీ రెండు విడతలుగా. రెండో పేజీ దగ్గరే ఆవలింతలొచ్చాయి. బుంగ మాత్రం శ్రద్ధగా విని, మూడో డబ్బా ఎత్తి అక్క ముందు పెట్టి, "ఇవ్వు. ఇతరులు నేనే," అన్నాడు.

నిన్న బిస్కెట్ల కొట్టు దగ్గర ఇంకో ముచ్చట. వాడడిగినవన్నీ కొన్నాక, "ఇక జేబులో ఏం లేదురా," అన్నాను.

"ఇంకోసారి చెయ్యి పెట్టు మామయ్యా. వస్తాయి."

"రావురా. అయిపోయాయి."

వాడు నన్ను కింద నుంచి పైదాకా జాలిగా చూసి, "అయితే వేరే చొక్కా వేసుకునిరా," అన్నాడు.

వీడి లెక్కలో డబ్బులు జేబుల్లో మొలుస్తాయి. దీన్ని నాలుగు పేజీలతో బాగుచెయ్యడం నీ వల్ల కాదు. ఆట కావాలి. ఆ సంగతి నాకు వదిలెయ్.

నీ అన్నయ్య


నర్సుల శిక్షణ వసతిగృహం,
గది పద్నాలుగు.
శుక్రవారం

అన్నయ్యా,

నీకు వదిలెయ్యాలంటేనే భయంగా ఉంది.

నాకు వాడి వయసున్నప్పుడు పండుగపూట తాతయ్య ఇచ్చిన పెద్ద నాణెం పట్టుకుని కూర్చుంటే, "పిచ్చిదానా, ఒక్కటి ఎందుకే? ఇవిగో మూడు, తీసుకో," అని మూడు చిల్లర నాణేలు నా చేతిలో పోసి అది కొట్టేశావు. నేను ఊరంతా తిరిగి నా మూడు నాణేలూ చూపించి మురిసిపోయాను. ఊరు ఊరంతా నవ్వింది. ఆ నాలుగు పేజీలు ఎందుకు రాశానో ఇప్పుడైనా అర్థమైందా? నీలాంటివాళ్ళ చేతిలో నా పిల్లలు పడకూడదని. చివరికి వాళ్ళని నీ చేతిలోనే పెట్టి వచ్చాను, నా ఖర్మ.

సరదాకి రాయడం లేదు, చదువు. ఈ శిక్షణ రెండు నెలలు. చివర్లో పరీక్ష. పాసైతే మన ఆసుపత్రిలోనే హెడ్‌నర్సుని. మధ్యలో వదిలేసి వస్తే ఆ కుర్చీ ఇంకొకరిది, మళ్ళీ పిలుపు రాదు. మీ బావ ఓడ మీద ఉన్నారు, వచ్చే ఏడాది దాకా రారు. పిల్లలకి నువ్వు తప్ప ఎవరూ లేరు కాబట్టే దిగాను ఇందులో. కానీ నీ చిలిపి వేషం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నా చెవిన పడిందా, పరీక్ష ఏమైపోతే నాకేంటి, పెట్టె సర్దుకుని వచ్చేస్తాను.

ఆట ఆడించు, వద్దనను. అందులో మోసం ఉండకూడదు, పందెం ఉండకూడదు.

ఇంకోమాట. పాత డొక్కు సైకిల్ పెట్టినవాడికైనా బిళ్ళ చేతికిచ్చి పంపుతావు. నా ఇద్దర్నీ నీ స్టాండులో పెట్టి వచ్చాను. నాకేదీ బిళ్ళ?

చెల్లి


సైకిల్ స్టాండు.
ఆదివారం

చెల్లీ,

ముప్పై ఏళ్ళ నాటి నాణెం ఇంకా నీ గొంతులోనే ఉందన్నమాట. సరే, మింగేశాను నీ తిట్లు. ఇక ఆట విను.

మా బిళ్ళల సంగతి తెలిసిందే. ఒక నంబరుకి రెండు ఇత్తడి బిళ్ళలు. ఒకటి సైకిల్ హేండిలుకి, ఒకటి మనిషి చేతికి. మహానుభావులు తమది పారేసుకుంటారు. నేను అదే నంబరుతో కొత్తది కొట్టిస్తాను. ఆర్నెల్లు పోయాక పాతది ఏ చొక్కా మడతలోంచో బయటపడి, "ఇదిగో నీ బిళ్ళ" అంటూ తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చినవి ఇరవై ఏడు, డబ్బాలో ఊరికే మూలుగుతున్నాయి. అవే పిల్లల డబ్బు.

సంపాదన: ఐదు సీట్లు తుడిస్తే ఒక బిళ్ళ. ఖర్చు: రేకు మీద సుద్దతో ధరలు రాసి వేలాడదీశాను. నచ్చిన సైకిల్ గంట కొట్టడం, ఒకటి. దయ్యం కథ, రెండు. మామయ్య మీసం లాగడం, మూడు. ఒకపూట స్నానం మానెయ్యడం, ఇరవై. చివరిది బుంగ అందుకోలేడని పెట్టిన ధర.

మొదటిరోజు వాడు సంపాదించిన ప్రతి బిళ్ళా ఆ నిమిషమే గంటలు కొట్టి తగలేశాడు. సాయంత్రం దయ్యం కథ మొదలుపెడితే చేతిలో చిల్లిగవ్వ లేదు. చెవులు మూయించి కూర్చోబెట్టాను. నాలుగు పేజీలకి రాని బుద్ధి ఆ పావుగంటలో వచ్చింది. రెండోరోజు నుంచి దాచడం మొదలుపెట్టాడు.

నీ కూతురు ఇంకో రకం. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే జాతి. "నువ్వు తుడువు, నేను చూస్తుంటాను, చెరి సగం," అని తమ్ముడితో ఒప్పందం.

"చూడ్డానికి సగమేంటి?" అన్నాడు వాడు.

"చూడ్డం కష్టంరా. మెడ నొప్పి."

వాడు గుడ్డ కింద పడేసి, మూతి బుంగ పెట్టి, రెండు గంటలు పని ఆపేశాడు. చివరికి అది దిగొచ్చింది. ఇప్పుడు ఇద్దరూ తుడుస్తున్నారు, ఎవరిది వాళ్ళకే. మధ్యలో మన కాంపౌండరు గారి ఎర్ర సైకిలైతే అద్దంలా తయారైంది. కొత్తది కొన్నాడులే. తాళం కూడా వెయ్యడు. "నీకు డబ్బులిచ్చేదే కాపలాకి, మళ్ళీ తాళం ఎందుకయ్యా?" అని నా ముఖం మీదే అంటాడు. అందుకే కదా వారానికోసారి వాడి గంటలో దూది కుక్కేది. పాతమాట! పాతమాట! నువ్వు వెళ్ళాక ఒక్కసారి కూడా కుక్కలేదు.

అన్నయ్య


గది పద్నాలుగు.
బుధవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. మీసం లాగడానికి మూడు బిళ్ళలంటే చవకేనట, ఇద్దరు ఇప్పుడే సీట్లు తుడవడానికి సిద్ధంగా ఉన్నారు.

నిజంగా బాగుంది. ఎప్పుడో గాని ఈ మాట అనను కాబట్టి దాచుకో.

ఒకటి అడుగుతాను, నవ్వకుండా రాయి. బుంగ నాకోసం అడుగుతున్నాడా?

చెల్లి


సైకిల్ స్టాండు.
మంగళవారం

చెల్లీ,

అడగడం లేదు. హాయిగా ఉన్నాడు. చదువుకో.

బిళ్ళలు మాత్రం తెగ దాస్తున్నాడు. గంట కొట్టడు, కథ కొనడు. ఎందుకురా అంటే చెప్పడు. స్నానానికే ఎసరు పెట్టాడని నా అనుమానం.

అన్నయ్య


గది పద్నాలుగు.
శనివారం

అన్నయ్యా,

కుక్కతోక వంకర అన్నవాడు నిన్ను చూసే అని ఉంటాడు.

కాంపౌండరు గారు నాకు కార్డు రాశారు. ఆయన కొత్త సైకిల్ నువ్వు పోస్టాఫీసులో దాచిపెట్టావట. మూడు గంటలపాటు ఆయన ఎండలో ఆసుపత్రి చుట్టూ పరుగెత్తారట. అంతా అయ్యాక "మీ ముఖం ఎలా ఉంటుందో చూద్దామని" అన్నావట. "మీ అన్నగారి మీద సూపరింటెండెంటుకి చెప్పుకోవలసి వస్తుందేమో" అని కూడా రాశారు. నేను రేపు హెడ్‌నర్సునై ఎవరితో పనిచెయ్యాలి? ఆ మనిషితోనే కదా!

నలభై ఆరేళ్ళు నీకు. నా పిల్లల ఎదురుగా, ఒకరి వస్తువు దాచి నవ్వుకున్నావు. ఇదా నువ్వు నేర్పే డబ్బు పాఠం? చిన్నప్పుడు నా నాణెం, ఇప్పుడు ఆయన సైకిల్.

చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాను. పెట్టె సర్దడం మొదలుపెట్టాను. గురువారం బస్సుకి వస్తాను.

చెల్లి


సైకిల్ స్టాండు.
సోమవారం, పొద్దున తపాలాకే

చెల్లీ,

తప్పే. నేనే దాచాను. సరదా ఎక్కువై దాచాను. కాళ్ళు పట్టుకోమంటే కాంపౌండరు కాళ్ళు పట్టుకుంటాను, ఎలాగూ వాడి బూట్ల దాకా వంగడం అలవాటే, సైకిల్ స్టాండు వేసేది నేనే కదా.

నువ్వు మాత్రం రాకు. నన్ను ఎన్నయినా తిట్టు, రోజుకొక కార్డు రాసి తిట్టు, స్టాంపుల ఖర్చు నాది. పరీక్ష ఇంకా ఐదు వారాలే. నా మీద కోపంతో నీ కుర్చీ ఇంకొకరికి వదిలెయ్యకు.

ఇదే కవరులో జడ్జీ ఉత్తరం ఉంది. అంటించి ఇచ్చింది. "తెరిస్తే శిక్ష" అని పైన రాసింది. నేను తెరవలేదు. ఏం రాసిందో ఏమో, చిన్నపిల్ల, అన్నీ నమ్మకు.

అన్నయ్య


(పై కవరులోనే)

మామయ్య ఇల్లు

అమ్మా,

మామయ్య చెప్పొద్దన్నాడు. కానీ తప్పు చేసినవాళ్ళు వేరు, తిట్లు తిన్నవాళ్ళు వేరు అయితే అది తీర్పు కాదు. అందుకని రాస్తున్నాను.

సైకిల్ మామయ్య దాచలేదు. తమ్ముడు కొన్నాడు. నేను అమ్మాను.

ఆరోజు మామయ్య మీసం సరిచేయించుకోవడానికి మంగలి షాపుకి వెళ్ళాడు. మేం లాగి లాగి అది ఒక పక్కకి పోయింది. పది నిమిషాలు నువ్వు చూసుకో అని నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. తమ్ముడు వచ్చి ఒక బిళ్ళ ఇచ్చి ఎర్ర సైకిల్ కావాలన్నాడు. నేను నంబరు చూశాను. ముప్పై ఒకటి. సైకిల్‌కి కూడా ముప్పై ఒకటే. నంబరు కలిస్తే సైకిల్ ఇవ్వాలి, అది రూలు. ఇచ్చేశాను.

తమ్ముడు చాలా రోజుల నుంచి చూస్తున్నాడట. వచ్చినవాళ్ళందరూ ఒక్క బిళ్ళ ఇచ్చి సైకిల్ పట్టుకెళ్తున్నారు. "మామయ్య మనల్ని మోసం చేస్తున్నాడే. వాళ్ళకి ఒక బిళ్ళకే సైకిల్ ఇచ్చి, మనకి మీసం మూడంటున్నాడు," అన్నాడు. అది నాకు కూడా నిజమే అనిపించింది.

సైకిల్ నీకోసం. సైకిల్ ఉంటే నువ్వు రోజూ సాయంత్రం వచ్చి పొద్దున వెళ్ళిపోవచ్చని వాడి ఆలోచన. అది నేను తోసుకుంటూ పోస్టాఫీసుకి తీసుకెళ్ళాను. తమ్ముడు దాచుకున్న పదకొండు బిళ్ళలూ అక్కడి ఆంటీకి ఇచ్చి, దీన్ని అమ్మకి పంపండి అన్నాడు. ఆంటీ ఇది త్రాసు మీద పట్టదు నాన్నా అంది. అయినా వాడు ఏడుస్తాడేమోనని బిళ్ళలు తిరిగిచ్చి, ఒక స్టాంపు ఇచ్చింది. వాడు దాన్ని నాలికతో తడిపి సీటు మీద అంటించాడు. నేను అట్టముక్క మీద "అమ్మ, నర్సులు చదువుకునే చోటు" అని రాసి కట్టాను. ఆంటీ మామయ్యకి కబురు పెట్టింది, కానీ ఆ కబురు మంగలి షాపుకి వెళ్ళలేదు, మూడు గంటలయ్యాక స్టాండుకి వచ్చింది.

కాంపౌండరు తాత అంతా వెతికి వచ్చి దొంగలు దొంగలు అని అరిచాడు. అప్పుడు తమ్ముడు నా వెనక్కి వచ్చి నా గౌను గట్టిగా పట్టుకున్నాడు. మామయ్య వాడి వంక చూశాడు. తర్వాత నవ్వి, నేనే దాచానండీ అన్నాడు. తాత చాలా తిట్టాడు. మామయ్య ఒక్కటి కూడా తిరిగి అనలేదు అమ్మా! నాకు అదే ఎక్కువ భయం వేసింది.

రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పాడు. బిళ్ళ అంటే ఇత్తడి కాదట, మాటట. నీది నీకే ఇస్తాను అని ఆ మనిషికి ఇచ్చిన మాట. "ఆ మాట పట్టుకొచ్చి మీకు ఆటకి ఇచ్చాను. బుద్ధి లేనిది నాకు, మీకు కాదు," అన్నాడు. చిన్నప్పుడు నీ పెద్ద నాణెం ఎలా కొట్టేశాడో కూడా చేసి చూపించాడు. "నాలాంటివాడు మూడిస్తానంటే ముందు ఒకటి ఎంతో అడగండి," అన్నాడు.

తెల్లారి నేను, తమ్ముడు వెళ్ళి కాంపౌండరు తాతకి నిజం చెప్పేశాం. తాత సీటు మీదికి వంగి చూశాడు. స్టాంపు ఎవరు అంటించారు అని అడిగాడు. నేను అన్నాడు తమ్ముడు. నెలాఖరు దాకా రోజూ సైకిల్ ఊరికే తుడవాలి, బిళ్ళలు ఇవ్వను అని శిక్ష వేశాడు. మంచి తీర్పే.

తమ్ముడు రోజూ నీకోసం అడుగుతాడు. మామయ్య నీకు రాయొద్దన్నాడు, నువ్వు చదువుకోవాలని.

ఇట్లు
జడ్జీ

(కవరులో ఏదో గట్టిగా ఉంది. తమ్ముడు వేశాడు. నాకు చూపించలేదు.)


గది పద్నాలుగు.
గురువారం. బస్సు వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు

అన్నయ్యా,

సర్దిన పెట్టె మళ్ళీ విప్పేశాను.

ఊళ్ళో ఎవరి చెప్పు కనపడకపోయినా నీ పేరే చెబుతారు. ఆ చెడ్డపేరు ఇన్నేళ్ళూ ఎందుకు మోస్తున్నావా అనుకునేదాన్ని. అదే ఒక్కరోజు వాడికి అడ్డం పెట్టడానికి పనికొచ్చింది. నాకు రాసిన ఉత్తరంలో కూడా ఆ అబద్ధమే నిలబెట్టావు. నా దగ్గర కూడా వాడు దొంగ కాకూడదని. పెద్ద మొనగాడివి!

కాంపౌండరు గారి రెండో కార్డు నిన్న వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మొదటి కార్డు వాపసు తీసుకుంటున్నాను. సూపరింటెండెంటు మాట మరచిపోండి. సీటు మీద స్టాంపు అలాగే ఉంచాను, వాన తగలకుండా మైనం పూశాను. మీరు పరీక్ష బాగా రాయండి. మీ అన్నగారు గంటలో దూది పెట్టడం మానేశారు, ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందని రాశాను.

నేను వాడికి రోజూ ఒక కార్డు పంపుతాను, రెండే వాక్యాలైనా. వాడు అడిగితే అడిగాడని రాయి. అడగలేదని రాస్తే నాకు చదువు బాగా వస్తుందనుకున్నావా? ఆ రోజంతా పుస్తకం తెరవలేదు.

కవరులో ఉన్నది ముప్పై ఒకటో నంబరు బిళ్ళ. పోస్టులో వెళ్ళదన్న సైకిల్‌ని నేనే వచ్చి తీసుకోవాలని పంపి ఉంటాడు. దాన్ని పరీక్షకి తీసుకెళ్తాను. ఫలితం రాగానే మొదటి బస్సుకి వస్తాను. నీ బల్ల మీద ఈ బిళ్ళ పెడతాను. నేను పెట్టి వెళ్ళిన రెండు నాకు తిరిగి ఇచ్చెయ్యాలి. రూలు రూలే, కావాలంటే జడ్జీని అడుగు.

చెల్లి


సైకిల్ స్టాండు.
నీ పరీక్ష అయిన నాలుగో రోజు

హెడ్‌నర్సు గారికి,

ఫలితం రాకపోయినా అలాగే రాస్తున్నాను. పేపరు బాగా రాశానని నువ్వు కార్డులో రాశావంటే పాసే. చిన్నప్పటి నుంచీ నువ్వు బాగా రాయలేదని ఏడ్చి ఫస్టు వచ్చే రకం.

ఆ దిక్కుమాలిన బిళ్ళ కోసం నీ ఉత్తరం అందేదాకా స్టాండు తవ్వి పోశాను. పంపు పెట్టె తిరగేశాను, చూరు వెతికాను. పక్కనే నిలబడి నీ కొడుకు కూడా వెతికాడు చూడు, నాకంటే శ్రద్ధగా. గుట్టు అలా కడుపులో దాచడం ఎక్కడ నేర్చాడో!

మిగతా ఇరవై ఆరింటినీ సుత్తితో వంచి డబ్బాలో దాచేశాను. ఇప్పుడు పిల్లల డబ్బంటే అట్టముక్కలు. ఒక్కొక్కదాని మీద నేను సంతకం పెట్టాలి, ఇస్తానన్నది ఏమిటో రాయాలి. జడ్జీ షరతు. పెట్టాక తప్పించుకోవడానికి లేదు. నిన్న జ్వరంగా ఉందన్నా వినకుండా దయ్యం కథ చెప్పించుకున్నారు. మీసం ధర ఐదు చేశాను, ఉన్నదే తక్కువ.

బుంగ నీకోసం అడిగాడు. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి, ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తుంటే మూడుసార్లు. రాయమన్నావుగా, రాశాను.

మూడు డబ్బాలూ నిండాయి. "ఇతరులకు ఇవ్వు" దాంట్లో ఏముందో చూశాను. "అమ్మకి ఒక గంట కథ, ఊరికే" అని ఒక అట్టముక్క. "మామయ్యకి మీసం లాగకుండా ఒకరోజు" అని ఇంకోటి. రెండోదాని మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

నీ బిళ్ళ చెల్లుతుంది. బల్ల మీద పెట్టు, నీ ఇద్దర్నీ దుమ్ము దులిపి చేతికిస్తాను. అన్ని సైకిళ్ళూ పట్టుకెళ్ళాక సాయంత్రం స్టాండు ఎలా ఉంటుందో నాకు తెలియనిదేం కాదు, అలవాటైన పనే. కానీ ఒక్కసారి నామాట విను. ఆ బిళ్ళ నాకు తిరిగి ఇవ్వకు. చూపించి జేబులో వేసుకో, పారేసుకున్నానని చెప్పు. నేను తిట్టి ఇంకోటి కొట్టించుకుంటాను. అది ఏ ఆదివారమో నీ చీర మడతలోంచి బయటపడుతుంది, ముగ్గురూ కలిసి తిరిగి తీసుకొస్తారు. అలా తిరిగొచ్చినవి మా స్టాండులో పారెయ్యం.

అన్నయ్య